హుండీ తాళం ఎవరి చేతిలో ఉంది? ఫ్లోరెన్స్, వెనిస్ భక్త సంఘాల సంగతి

అడిగిన ప్రశ్న ఇది: మధ్యయుగాల్లో ఫ్లోరెన్స్, వెనిస్ లాంటి ఇటలీ నగరాల్లో గృహస్థులు పెట్టుకున్న భక్త సంఘాలు నిజంగా భక్తి కోసమేనా, లేక పెద్ద కుటుంబాలు రాజకీయం నడపడానికి వేసుకున్న ముసుగా? ఫ్లోరెన్స్ ప్రభుత్వం ఒకప్పుడు వాటిని నిషేధించింది కదా, మరి అదే ఊరిని చేతిలో పెట్టుకున్న మెడిచీలు వాటిలో ఎందుకు చేరారు?

యూరప్ చరిత్ర చాలా ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. "భక్తా, రాజకీయమా" అని రెండు గడులు గీసుకుని చూస్తే మాత్రం ఈ సంఘాలు అర్థం కావు. నేను పిల్లలకు చెప్పేది ఒకటే. ఏ సంఘం గురించి చదివినా ముందు మూడు సంగతులు వెతకండి. సంఘం డబ్బుపెట్టె తాళం ఎవరి దగ్గర ఉంది, పెద్దలను ఎలా ఎన్నుకుంటున్నారు, తలుపు మూశాక లోపల ఏం జరిగిందో బయటివాళ్లకు తెలుస్తుందా లేదా. ఈ మూడూ తెలిస్తే నగర ప్రభుత్వం ఆ సంఘాన్ని చూసి ఎందుకు భయపడిందో, ఎందుకు కావాలనుకుందో అదే తెలుస్తుంది.

ముందు ఈ సంఘాలు ఎలాంటివో చెప్పాలి. మన క్యాథలిక్ విచారణల్లో (పారిష్‌లలో) మరియదళాన్నో, విన్సెంట్ డి పాల్ సభనో చూసినవాళ్లకు కొంత ఊహ ఉంటుంది. ఇవి గురువుల (ఫాదర్ల) సంఘాలు కావు, మఠాలూ కావు. పెళ్లాం పిల్లలు, వ్యాపారం, అప్పులు ఉన్న మామూలు మనుషులు నడుపుకున్నవి. ఫ్లోరెన్స్‌లో ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి కీర్తనల సంఘాలు. సాయంత్రం పని అయ్యాక మరియమాత పటం ముందు చేరి, లాటిన్‌లో కాకుండా తాము మాట్లాడే భాషలోనే కీర్తనలు పాడేవారు. రెండోది కొరడా సంఘాలు. 1260లో పెరూజా పట్టణంలో రానియెరో ఫసాని అనే ఆయన మొదలుపెట్టిన ప్రాయశ్చిత్త ఉద్యమం ఊరూరా పాకింది. జనం గుంపులుగా వీధుల్లోకి వచ్చి, చేసిన పాపాలకు తమను తామే కొరడాతో కొట్టుకున్నారు. ఆ ఊపు తగ్గాక అదే ఆచారం నాలుగు గోడల మధ్యకు చేరి సంఘాలుగా నిలబడింది. సభ్యులు ముఖం కనబడకుండా తలమీంచి ముసుగు ఉన్న అంగీ వేసుకుని, దీపాలు తగ్గించి ప్రార్థన చేసేవారు. మీరు వాడిన "ముసుగు" అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. అయితే ఆ ముసుగు వెనక ఉద్దేశం వినయం. పక్కన ఉన్నవాడు బ్యాంకు యజమానో, రంగులద్దేవాడో తెలియకూడదు, చేసిన తపస్సుకు పేరు రాకూడదు అని.

మామూలు మనిషికి ఇందులో దొరికేది చాలా పెద్దది. జబ్బు చేస్తే సాయం వచ్చేది. చనిపోతే సంఘమంతా కొవ్వొత్తులు పట్టుకుని సమాధిదాకా నడిచేది. ఆ తర్వాత కూడా ఆత్మ కోసం పూజలు జరిగేవి. చనిపోయాక స్వర్గానికి చేరే ముందు పాపాలు కడుక్కునే ఉత్తరించు స్థలంలో ఆత్మ ఎంతకాలం బాధపడాలన్నది బతికున్నవాళ్ల ప్రార్థనల మీద కూడా ఆధారపడి ఉంటుందని వాళ్లు మనసారా నమ్మారు. కూతురి పెళ్లికి కట్నం సాయం చేసే సంఘాలూ ఉన్నాయి. ప్లేగు ఎప్పుడొస్తుందో, తిండిగింజల ధర ఎప్పుడు ఎగబాకుతుందో తెలియని ఊళ్లో ఒంటరిగా చావకుండా ఉండటానికి ఇదే దారి. అందుకని భక్తి అబద్ధం, రాజకీయమే నిజం అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను.

ఇప్పుడు లోపలి నడక చూడండి. సంఘానికి రాతపూర్వకమైన నియమావళి ఉంటుంది. పెద్దల పేర్లు సంచిలోంచి చీటీలు తీసి నిర్ణయిస్తారు, పదవీకాలం కొన్ని నెలలే. కొత్తవాణ్ని చేర్చుకోవాలంటే నల్ల చిక్కుడు గింజ, తెల్ల చిక్కుడు గింజ వేసి రహస్యంగా ఓటు చేస్తారు. నల్లది సరే, తెల్లది వద్దు. ఖాతా పుస్తకం రాసేవాడు వేరు, డబ్బు దాచేవాడు వేరు. ఇది ఫ్లోరెన్స్ నగర ప్రభుత్వం నడిచిన పద్ధతే. నగరాన్ని పాలించిన సిన్యోరియాలో తొమ్మిదిమంది ఉండేవారు, వాళ్ల పేర్లు కూడా సంచుల్లోంచే వచ్చేవి, పదవి రెండు నెలలు మాత్రమే. సిన్యోరియా మెట్లు ఎక్కే అవకాశం జన్మలో రాని చిన్న దుకాణదారు కూడా తన సంఘంలో ఓటు వేసేవాడు, పదవి చేసేవాడు, లెక్క అడిగేవాడు. ఇది నాకు ఎంతో విలువైన సంగతిగా అనిపిస్తుంది. పాలకులకు టెన్షన్ పుట్టించింది కూడా ఇదే.

ఒక ఉదాహరణ. ఫ్లోరెన్స్ ఉన్ని పరిశ్రమలో వేలమంది కూలీలకు సొంత వృత్తిసంఘం పెట్టుకునే హక్కు లేదు. యజమానుల వృత్తిసంఘం కింద పడి ఉండాల్సిందే. 1345లో చూతో బ్రాందీని అనే ఉన్ని దువ్వే కార్మికుడు తోటి కూలీలను కూడగట్టాడు, చందాలు వేసుకుందామన్నాడు, చర్చిల దగ్గర సమావేశాలు పెట్టాడు. అతను కట్టాలనుకున్నది ఒక "సోదరసంఘం" అని నేరారోపణ పత్రంలోనే ఉంది. అతన్ని పట్టుకున్నారని తెలిసి కూలీలు పని ఆపేశారు. అయినా ఉరి తీశారు. చందా పెట్టె, ఎన్నుకున్న పెద్దలు, ఒకరికొకరు నిలబడతామన్న మాట, ఇవే వస్తువులు బ్యాంకర్ల చేతిలో ఉంటే పుణ్యకార్యం, కూలీల చేతిలో ఉంటే కుట్ర అయ్యాయి. ఆ పేరు మరిచిపోకూడదని నేను ప్రతి ఏడాదీ క్లాసులో చెబుతాను.

పెట్టె తాళం సంగతి బాగా తెలియాలంటే ఓర్సాన్‌మికేలే దగ్గరికి వెళ్లాలి. అది నిజానికి ధాన్యం బజారు. కింద అమ్మకం, పైన గిడ్డంగి. స్తంభం లోపలి నుంచి ధాన్యం కిందికి జారడానికి పెట్టిన సందు ఇవాళ్టికీ కనబడుతుంది. ఆ బజారు స్తంభం మీదున్న మరియమాత పటం దగ్గర కీర్తనలు పాడేందుకు 1291లో ఒక సంఘం పుట్టింది. మరుసటి ఏడాదే ఆ పటం ముందు జబ్బులు నయమవుతున్నాయని పేరు వచ్చి జనం విరగబడ్డారు. ఫ్రాన్సిస్కన్, దొమినికన్ సన్యాసులు అసూయతోనో ఇంకెందుకో ఈ అద్భుతాలను నమ్మలేదని అప్పటి చరిత్రకారుడు జొవాన్ని విల్లాని రాశాడు. వాళ్ల మఠాలతో పని లేకుండా బజారులో మామూలు జనం పెట్టుకున్న చోట దేవుడి మహిమ కనబడటం వాళ్లకు ఇబ్బందే మరి. 1304 అగ్నిప్రమాదంలో పాత కట్టడం పోయింది, 1337లో కొత్తది మొదలుపెట్టారు.

ఆ తర్వాత 1348 ప్లేగు వచ్చింది. చచ్చిపోతున్నవాళ్లు ఆస్తులు ఈ సంఘానికి రాసి పోయారు. జొవాన్ని కూడా ఆ ప్లేగులోనే పోయాడు. అతని కథనాన్ని కొనసాగించిన తమ్ముడు మత్తెయో ఆ వీలునామాల విలువ 350,000 ఫ్లోరిన్లు (ఫ్లోరెన్స్ బంగారు నాణేలు) అన్నాడు. ఆ అంకె కాస్త పెంచి చెప్పిందే కావచ్చు. కానీ పోలిక చూడండి. ప్లేగుకు పది పన్నెండేళ్ల ముందు నగర ప్రభుత్వపు ఏడాది ఆదాయం దాదాపు 300,000 ఫ్లోరిన్లని అతని అన్న జొవాన్ని లెక్క రాశాడు. అంటే కీర్తనలు పాడుకునే సంఘం పెట్టెలోకి ప్రభుత్వ ఖజానాతో పోల్చదగిన సొమ్ము ఒక్కసారిగా వచ్చి పడింది. సాయం అందుకోవాల్సిన పేదల్లో ఎంతోమంది అప్పటికే చనిపోయారు. సంఘం పెద్దలుగా ఎన్నికవడానికి పట్టణంలో పేరున్నవాళ్లు పోటీపడటం మొదలైందని, డబ్బు పోవాల్సిన చోటికి పోలేదని మత్తెయో బాధగా రాశాడు. నగర ప్రభుత్వం కూడా ఊరుకోలేదు. అవసరం వచ్చినప్పుడల్లా అప్పు పేరుతో ఆ పెట్టెలో చెయ్యి పెట్టింది. మరియమాత పటం చుట్టూ శిల్పి ఒర్కాన్యా 1359లో పూర్తి చేసిన పాలరాతి మందిరం కూడా ఆ కాలపు సొమ్ముతో వచ్చిందే. చూస్తే కళ్లు చెదిరే పని అది. దాని ముందు నిలబడిన ప్రతిసారీ, అది చావుబతుకుల మధ్య జనం వేసిన డబ్బని గుర్తు చేసుకుంటాను.

నిషేధం సంగతి ఇప్పుడు చెప్తాను. 1378లో ఉన్ని కూలీలు తిరగబడి కొన్ని వారాలు నగరాన్ని కుదిపేశారు. అది అణిగాక కొన్ని పెద్ద కుటుంబాల పాలన గట్టిపడింది. అందులో ఆల్బిజీ వంశం ముందుంది. ఆ పాలకులకు రెండువైపుల నుంచీ భయం. కింద కూలీలు మళ్లీ కలుస్తారేమో, పైన తమలాంటి కుటుంబాలే వేరు కుంపటి పెడతాయేమో. నగర పదవులకు పేర్లు సంచుల్లో వేసేటప్పుడు ఎవరి పేరు వేయాలి, ఎవరిది తీసేయాలి అన్నదే అసలు రాజకీయం. ఇరవై ముప్ఫై మంది రాత్రిపూట తలుపులు వేసుకుని, లోపలి మాట బయటికి చెప్పమని ప్రమాణం చేసుకుని కలుస్తున్నారంటే వాళ్లు ప్రార్థనే చేస్తున్నారో, సంచిలో వేయాల్సిన పేర్లే మాట్లాడుకుంటున్నారో ఎవరికి తెలుసు? 1419 అక్టోబరులో సిన్యోరియా చట్టం తెచ్చింది. చీలికలకు, గొడవలకు ఈ సంఘాలు కారణమవుతున్నాయని చెప్పి వాటిని రద్దు చేసింది. ఇకమీదట కొత్త సంఘం పెట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలన్నది.

నిషేధం పూర్తిగా నిలబడలేదు. అనుమతులు తెచ్చుకున్నవి ఉన్నాయి, కొన్నాళ్లు ఆగి మళ్లీ మొదలైనవి ఉన్నాయి. జనానికి చావు, జబ్బు, ఆత్మ గురించి దిగులు ఉన్నంతకాలం ఇలాంటి సంఘాన్ని చట్టంతో తీసేయడం ఏ సిన్యోరియా వల్లా కాదు. 1434లో కోజిమో దె మెడిచి దేశబహిష్కారం నుంచి తిరిగొచ్చి నగరాన్ని చేతిలోకి తీసుకున్నాక అసలు మార్పు కనబడుతుంది. కోజిమోకు రాజు అన్న పేరు లేదు, అలాంటి పదవీ లేదు. పాత సిన్యోరియా, పాత సంచులు, పాత చీటీలు అలాగే ఉన్నాయి. అలాంటి మనిషికి అధికారం అంటే మనుషులే. ఎవరికి ఎవరు బాకీ, ఎవరింట్లో పెళ్లి, ఎవరి మనసులో ఏముంది, ఇదంతా తెలుస్తూ ఉండాలి. ఇవన్నీ ఒక్కచోట తెలిసేది భక్త సంఘంలోనే.

ముగ్గురు రాజుల సంఘం ఇందుకు అన్నిటికన్నా మంచి సాక్ష్యం. బెత్లెహేముకు కానుకలు తెచ్చిన ముగ్గురు జ్ఞానుల పేరిట ఏర్పడిన ఈ సంఘం సాన్ మార్కో మఠం దగ్గర కలిసేది. జనవరి 6 పండుగ నాడు గుర్రాలతో, పట్టు బట్టలతో, విదేశీ వేషాలతో నగర వీధుల్లో పెద్ద ఊరేగింపు తీసేది. 1390 నాటికే ఆ ఊరేగింపు ఉంది. మెడిచీల ఇల్లు ఆ దారిలోనే ఉంది. 1437 నుంచి కోజిమో సొంత డబ్బుతో మికెలోట్సో అనే వాస్తుశిల్పి చేత సాన్ మార్కో మఠాన్ని తిరిగి కట్టించాడు. ఆ చర్చి బలిపీఠాన్ని ప్రతిష్ఠించడానికి ఎంచుకున్న రోజు కూడా 1443లో ఆ ముగ్గురు రాజుల పండుగే. మఠంలో తను ఏకాంతంగా ప్రార్థన చేసుకోవడానికి ఉంచుకున్న గది గోడ మీద ఆ ముగ్గురూ బాలయేసుకు మొక్కుతున్న చిత్రమే ఉంది. 1459లో బెనోట్సో గోట్సోలి మెడిచీ భవనంలోని ప్రార్థనాలయం గోడల నిండా ఆ రాజుల యాత్రనే గీశాడు. రాజుల వెనక గుర్రాల మీద వస్తున్నవాళ్లలో మెడిచీల ముఖాలు కనిపిస్తాయి. దేవుడి ముందు కిరీటం తీసి మోకరిల్లిన ధనవంతుడు, ఆ కుటుంబం ఊరికి చూపించాలనుకున్న రూపం అదే. రాజునని నోటితో చెప్పకుండా రాజు వేషంలో వీధిలో కనబడే అవకాశం ఆ సంఘం ఇచ్చింది. 1494లో మెడిచీలను ఊరు తరిమేసినప్పుడు ఈ సంఘం కూడా వాళ్లతో పాటే మూతపడింది.

కోజిమో ప్రార్థన నటన అని నేను అనుకోను. వడ్డీ వ్యాపారం పాపమని చర్చి బోధించిన కాలంలో బ్యాంకు నడిపినవాడికి ఆత్మభయం నిజంగానే ఉంటుంది. అతని మనవడు లోరెంజో ఒక్క సంఘంతో ఆగలేదు. కొరడా సంఘంలోనూ ఉన్నాడు, నదికి అవతల పేటలోని సంఘంలోనూ ఉన్నాడు. లోరెంజో సభ్యుడంటే సంచిలో వేయాల్సిన పేర్ల గురించి ఆ సంఘంలో ఎవరూ అతనికి తెలియకుండా మాట్లాడుకోలేరు. నిషేధం చేయలేని పని సభ్యత్వం చేసింది. మీ రెండో ప్రశ్నకు నా సమాధానం ఇదే.

వెనిస్ పూర్తిగా వేరే దారి. అక్కడ 1297లో మహాసభ తలుపులు మూసేశారు. ఆ సభలో స్థానం ఉన్న వంశాలే ఇక ప్రభువులు, పాలించే హక్కు వాళ్లదే. మరి చదువు, డబ్బు, పరువు ఉండి కూడా ఆ జాబితాలో లేని కుటుంబాలు ఏం కావాలి? వాళ్లను చిత్తాదీని, అంటే పౌరులు, అనేవారు. నగర కార్యాలయాల్లో కార్యదర్శి పనులు వీళ్లవే, ఓటు మాత్రం లేదు. వీళ్లకు వెనిస్ ఇచ్చింది స్కువోలాలను. స్కువోలా అంటే బడి అనుకోవద్దు, అక్కడ సంఘానికి ఆ పేరు. 1260-61లో కొరడా ఉద్యమం నుంచి పుట్టిన కరితా, సాన్ మార్కో (ఫ్లోరెన్స్ మఠం కాదు, పేరు ఒకటే), సాన్ జొవాన్ని ఎవాంజెలిస్తా, 1308 నాటి మిజెరికోర్దియా, 1478లో వచ్చిన సాన్ రోక్కో, వీటిని పెద్ద స్కువోలాలుగా లెక్కపెట్టారు. ఒక్కోదానిలో అయిదారు వందలమంది సభ్యులు. ప్రభువులు సభ్యులుగా చేరవచ్చు, కొరడా ఆచారం నుంచి మినహాయింపు కూడా ఉంది, కానీ పదవులు మాత్రం చిత్తాదీని కుటుంబాలవే. పెద్దకు గార్దియాన్ గ్రాందె అని బిరుదు. వేలకొద్దీ దుకత్తుల (వెనిస్ బంగారు నాణేల) ఆస్తులు, పేదలకు ఉచిత ఇళ్లు, కట్నాల నిధులు అతని కింద నడిచేవి. పండుగ ఊరేగింపులో అతను నడిచే చోటు ఊరంతా చూసేది.

పై నుంచి కన్ను మాత్రం ప్రభువులదే. 1310లో జరిగిన కుట్ర తర్వాత రాజ్యభద్రత కోసం పుట్టిన పదిమంది మండలికే ఈ స్కువోలాల మీద అజమాయిషీ ఇచ్చారు. సభ్యుల సంఖ్య పెంచాలన్నా, నియమాలు మార్చాలన్నా ఆ మండలి దగ్గరికి వెళ్లాలి. భక్త సంఘాలను చూసుకునే పని రాజద్రోహం కేసులు చూసే మండలిది! దీన్నిబట్టే ఇవి ఎంత ముఖ్యమైనవో తెలుస్తుంది. ఫలితం ఏమిటంటే ఫ్లోరెన్స్‌లో పాలకులు ఏ కలయికను చూసి బెదిరారో, వెనిస్‌లో దాన్నే రాజ్యం లోపలి గదిగా మార్చారు. పాలనలో చోటులేని కుటుంబాలు వందల ఏళ్లు తిరగబడకపోవడానికి ఉన్న కారణాల్లో ఇది ఒకటని చరిత్రకారులు చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకుంటాను. కానీ దీన్ని మరీ మెచ్చుకోకూడదు. సంఘంలో మొదట అందరూ అన్నదమ్ములే. పోనుపోను పదవులు చేసే ధనిక సభ్యులు, వాళ్ల ధర్మం మీద బతికే పేద సభ్యులు అని రెండు వరుసలయ్యాయి. ఇల్లు, తిండిగింజలు, కట్నం కావాలంటే పేద సభ్యుడు అంత్యక్రియలకూ ఊరేగింపులకూ తప్పకుండా నడవాలి. పోటీపడి భవనాలు కడుతున్నారు, ఆ డబ్బు పేదలది కాదా అని అలెస్సాండ్రో కరవియా అనే నగల పనివాడు 1541లో పద్యం రాసి నిలదీశాడు.

వెనిస్ వెళ్తే అకాడెమియా చిత్రశాలలో జెంతిలె బెల్లీని 1496లో గీసిన పెద్ద ఊరేగింపు చిత్రం చూడండి. సాన్ జొవాన్ని ఎవాంజెలిస్తా సభ్యులు తెల్ల అంగీలతో వరుసగా నడుస్తున్నారు, మధ్యలో గొడుగు కింద, యేసు సిలువలోనిదని నమ్మిన ముక్క ఉన్న పేటిక. వాళ్ల సంఘానికి ఆ అవశేషం 1369లో వచ్చింది. కొడుక్కి తల పగిలిందన్న కబురు విని బ్రెషా వర్తకుడు ఒకడు వరుసల మధ్య మోకాళ్ల మీద పడి ఉన్నాడు. వెనిస్ పాలకుడైన డోజి పరివారం కుడిపక్క దూరంగా, చిన్నగా ఉంది. ముందు వరుస పూర్తిగా స్కువోలా వాళ్లదే. డబ్బు ఇచ్చి గీయించుకున్నది కూడా వాళ్లే.

చివరగా ఒక చిన్న సంఘం గురించి చెప్పాలి, ఎందుకంటే నా మూడు ప్రశ్నలనూ వాళ్లు నాకన్నా చాలా ముందే వేసుకున్నారు. 1442లో ఫ్లోరెన్స్‌లోని సాన్ మార్కో మఠాధిపతి ఆంతోనీనో, తర్వాత ఫ్లోరెన్స్ అగ్రపీఠాధిపతి అయినవాడు, పన్నెండుమంది గృహస్థులను కూర్చోబెట్టి సాన్ మార్తీనో మంచివాళ్ల సంఘం పెట్టించాడు. చేయి చాచలేక ఇంట్లోనే పస్తులుండే "సిగ్గుపడే పేదలను" వెతికి సాయం చేయడం వాళ్ల పని. పని పోయిన నేతగాళ్లు, పిల్లలు ఎక్కువైన చిన్న వృత్తుల వాళ్లు, బాలింతలు వాళ్ల ఖాతాల్లో కనిపిస్తారు. మొదటి ఏళ్లలో వచ్చిన విరాళాల్లో పెద్ద వాటా కోజిమోదే, కాబట్టి రాజకీయం ఇక్కడా తలుపు దగ్గరే ఉంది. అయితే వీళ్లు ఒక నియమం పెట్టుకున్నారు. భూములు, మూలధనం ఉంచుకోకూడదు, వచ్చిన డబ్బు వచ్చినట్టే పంచేయాలి. ఓర్సాన్‌మికేలే పెట్టెకు ఏమైందో ఆ ఊళ్లో అందరికీ తెలుసు. పెట్టె అడుగంటితే గుమ్మంలో కొవ్వొత్తి వెలిగించేవాళ్లని ఫ్లోరెన్స్‌లో చెప్పుకుంటారు, ఆ వెలుగు చూసి పక్కవాళ్లు డబ్బు తెచ్చి వేసేవారట. సంఘం ఇంకా పనిచేస్తోంది. చిన్న ప్రార్థనాలయం బయటి గోడకు డబ్బులు వేసే సందు ఇప్పటికీ ఉంది.